నార్కట్‌పల్లిలో తీసిన పుట్టువెంట్రుకలు

ప్రయాణమంటే నాకు బయలుదేరక ముందే అలసట. పెళ్ళయిన కొత్తలో, పిల్లలు చిన్నగా ఉన్న ఆ కొద్ది సంవత్సరాల్లో మేం కలిసి తిరిగిన ఊళ్ళూ చేసుకున్న పండుగలూ తక్కువేమీ కావు. ఇప్పుడు వాటిని తలుచుకుంటే ముందుగా గుర్తొచ్చేది నా మొహమే. నా మొహాన్ని నేనెప్పుడు చూసుకున్నానని? నా భార్య మొహంలో చూశాను. ఆమె ఏదో సంతోషంగా చెప్పబోయేది, నా వైపు ఒకసారి చూసేది, ఆ మాటను అక్కడికక్కడే మింగేసేది.

నేను తాగేవాణ్ణి కాదు. చెయ్యి ఎత్తేవాణ్ణి కాదు. ఊళ్ళో అందరూ నన్ను మంచివాడనేవాళ్ళు. నాకు కావలసిన పనంతా నా మొహమే చేసిపెట్టేది కాబట్టి నేను మంచివాడిగా ఉండడం కష్టమేమీ కాలేదు.

అప్పుడు కల్వకుర్తి తాలూకాలో ఒక చిన్న ఊళ్ళో బడిపంతులును. యాభైల చివరి సంవత్సరాలు. మా తాత, మా నాయిన గొర్లు కాసినవాళ్ళు. మా ఇంట్లో పలక పట్టిన మొదటివాణ్ణి నేనే. నా భార్యదీ గొర్లు కాసే ఇల్లే, హాలియా వైపు. ఆమె చిన్నతనంలోనే తల్లీ తండ్రీ పోతే అన్న పెంచాడు. ఆ అన్న ఏడాదిలో ఎక్కువ కాలం మంద వెంట తిరిగేవాడు. కోతలైన పొలాల్లో రాత్రుళ్ళు మందను పండబెడితే భూమికి ఎరువు, ఆ రైతులు పెట్టే గింజలతో ఈయనకు తిండి. అందుకని నా భార్యకు పుట్టినిల్లంటే గోడలూ గడపా కాదు. ఆ ఒక్క మనిషి.

ఆమెకు ఊరికే బయటికి పోవడమంటే ఇష్టం. డిండి కట్ట చూడ్డానికి పోదామని ఒక దసరా సెలవుల్లో నెలరోజులు అడిగి అడిగి నన్ను ఒప్పించింది. ముందు రోజంతా సర్వపిండి కాల్చింది, పల్లీలు వేయించింది, ఉల్లిగడ్డ కారం నూరి మూట కట్టింది. పిల్లవాడు అప్పటికి ఇంకా నడవడం లేదు. ఎవరిదో ఎద్దుబండిలో జాగా దొరికితే పోయాం. కట్ట మీద నీళ్ళు చూసి ఆమె చిన్నపిల్లలా అరిచింది. నేను నీడ చూసుకుని కూచుని, ఎప్పుడు తిరిగి పోదామన్నట్టు బండి వైపు చూస్తూ ఉన్నాను. ఆమె పిల్లవాడి కాళ్ళు నీళ్ళలో ముంచి ఆడించింది కాసేపు. తర్వాత తనే వచ్చి, "పోదాం పా. నీకు ఎండ తలుగుతాంది" అన్నది. ఎండ తగలడం లేదు. మబ్బు పట్టి ఉంది.

టెంటు సినిమాకు పోయినా అంతే. గుట్ట మీద సీతాఫలాలు ఏరడానికి ఊరి ఆడవాళ్ళతో కలిసి పోయినప్పుడూ అంతే. బతుకమ్మ ఆడి వచ్చిన రోజు మలీద ముద్దలు చేసి నా ముందు పెడితే, దీపం దగ్గర పుస్తకం పట్టుకుని చూడకుండా తిన్నాను. బడి నుంచి అలసి వచ్చానని చెప్పేవాణ్ణి. అబద్ధం కాదు, నిజంగానే అలసట. కానీ ఆ అలసటంతా ఇంటికి తెచ్చి వాళ్ళ ముందే దింపుకునేవాణ్ణి. బయట ఎవరైనా పెద్దమనిషి పిలిచి మాట్లాడితే మాత్రం గంటసేపు నిలబడి నవ్వగలిగేవాణ్ణి.

ఇక జాతర సంగతి.

సూర్యాపేట దగ్గర గట్టు మీద మా వాళ్ళ జాతర రెండేళ్ళకోసారి వస్తుంది, మాఘమాసంలో. పిల్లల పుట్టువెంట్రుకలు అక్కడే తీయాలి. మొదటి ఏడో మూడో ఏడో, బేసి సంవత్సరంలోనే తీయాలి. మేనమామ తన ఒడిలో కూచోబెట్టుకుని మొదటి కత్తెర తానే వేసి, కొత్త బట్టలు పెట్టాలి. అందరిళ్ళలోనూ ఉన్నదే ఇది. కానీ నా భార్యకు ఉన్నది ఒక్క అన్న, ఆయనకు పిల్లలు లేరు. కొడుకు పుట్టిన రోజు నుంచీ ఆమె ఎదురుచూసింది ఆ ఒక్క పూట కోసం. అన్న ఒడిలో కొడుకు కూచోవడం కళ్ళతో చూడాలని.

ఆయనా అంతే. పిల్లవాడు పుట్టాడని కబురు అందిన వారంలోనే ఒక నల్ల పొట్టేలు పిల్లను దేవుడి పేరు మీద విడిచాడట. అటువైపు నుంచి వచ్చే గొర్రెల కాపరులెవరైనా మా ఊరి మీదుగా పోతే ఆగి చెప్పేవాళ్ళు: "అక్కా, మీ అన్న పొట్టేలు మంచిగున్నదని చెప్పుమన్నడు. పిల్లగాని ఎంటికలు ఎంత పొడుగైనయో అడుగుమన్నడు." ఆమె వేలు మీద చూపించి పంపేది.

మొదటి ఏటి జాతరకు మా పాలోళ్ళలో, అంటే దాయాదుల్లో, ఒకాయన పోయి మైల వచ్చింది. పోలేకపోయాం. మళ్ళీ రెండేళ్ళు. పిల్లవాడికి మూడో ఏడు వచ్చేసరికి జుట్టు నడుము దాకా పెరిగింది. ఆమె రోజూ దువ్వి రెండు జడలు వేసి, పూలు దొరికితే పూలు, లేకపోతే రిబ్బన్లు పెట్టేది. దువ్వెన చూస్తే చాలు, వాడు మంచం కిందికి దూరేవాడు. పేలు పట్టి తల మీద పుండ్లు కూడా లేచాయి. వేపనూనె రాసేది. "ఇంకెన్నొద్దులు బిడ్డా, మామ తీస్తడు, ఇగ తలకాయ సల్లగైతది" అని చెప్పేది.

ఆ ఏడు హాలియా వైపు సాగరు కాలువల తవ్వకం మొదలై, మందలు మేసే దారులు తెగాయి. ఆమె అన్న, మా బావ, మందను మునుగోడు వైపు తోలుకుపోయాడు. జాతరకు మేం బస్సులో నార్కట్‌పల్లి దాకా రావాలనీ, ఆయన పొట్టేలును తోలుకుని పొద్దున్నే అక్కడికి వస్తాడనీ, మా వాళ్ళ బండ్లు గట్టుకు పోతుంటే అందులో కలిసి పోదామనీ కబురు పంపాడు. నేను బడికి సెలవు పెట్టాను. సెలవు పెట్టడం అదేదో త్యాగమన్నట్టు ఇంట్లో రెండు మూడుసార్లు అన్నాను.

దేవరకొండ మీదుగా నల్లగొండ, అక్కడ బస్సు మారి నార్కట్‌పల్లి. తోవలో పిల్లవాడు నా తెల్ల ప్యాంటు మీద కక్కాడు. ఆమె కొంగుతో తుడవబోతే చెయ్యి పక్కకు నెట్టి, వెనక ఖాళీ సీటు ఉంటే పోయి కూచున్నాను. మిగిలిన దారంతా వాళ్ళిద్దరి తలలూ వెనక నుంచి చూస్తూనే ఉన్నాను. వాడు తల్లి భుజం మీద నుంచి నన్ను చూసి చెయ్యి ఊపాడు. నేను కిటికీ వైపు తిరిగాను.

నార్కట్‌పల్లిలో దిగేసరికి బావ లేడు. హైదరాబాదు నుంచి బెజవాడ పోయే పెద్ద రోడ్డు అది. లారీలు, బస్సులు, చాయ్ దుకాణాలు, దుమ్ము. మా వాళ్ళ బండ్లు పసుపు పూసిన చక్రాలతో, డోళ్ళతో ఒకటి తర్వాత ఒకటి సూర్యాపేట వైపు పోతున్నాయి. మేం ఒక వేపచెట్టు కింద మూట దించుకుని కూచున్నాం. పొద్దు నెత్తి మీదికి వచ్చింది.

"సద్ది తిందామా?" అన్నది ఆమె.

"మీ అన్న వచ్చినంక తిందాం. పొద్దుగాలనే ఉంటనన్నడు గద."

"వస్తడు. మందిడిసి వచ్చేటోడు, జర ఎన్కముందైతది."

"నేను బడిడిసి రాలేదా?"

ఆమె మూట విప్పి పిల్లవాడికి ఒక రొట్టె ముక్క పెట్టింది. కొంచెం సేపయ్యాక లేచి, "మునుగోడు తొవ్వకు పోయి జూసొస్త. పిల్లగాన్ని జర జూడు" అని, చెప్పుల్లేని కాళ్ళతో ఆ ఎండలో పోయింది.

ఆమె అటు పోయిందో లేదో, హైదరాబాదు వైపు పోయే బస్సు వచ్చి ఆగింది. చాయ్ తాగడానికి దిగినవాళ్ళలో మా బడులు తనిఖీ చేసే అధికారి ఒకాయన ఉన్నాడు. నన్ను గుర్తుపట్టాడు. నేను లేచి నిలబడ్డాను, ప్యాంటు మీది మరక కనపడకుండా సంచి అడ్డం పెట్టుకుని. ఆయన వంగి పిల్లవాడి జడ పట్టుకుని, "నీ పేరేమిటమ్మా పాపా?" అన్నాడు.

వాడికి ఆ ప్రశ్న అలవాటే. అంగీ పైకెత్తి, "నేను మొగపిల్లగాన్ని!" అని చూపించాడు. చాయ్ దుకాణం ముందున్నవాళ్ళంతా పకపకా నవ్వారు. ఆయనా నవ్వాడు. మంచి నవ్వే. పోతూ పోతూ, "మాస్టారూ, మీరే ఇట్లా మొక్కులూ జడలూ అంటే ఊళ్ళో వాళ్ళకేం చెప్తారు?" అన్నాడు. నేనూ నవ్వాను. "ఆడవాళ్ళ పట్టింపండీ" అన్నాను.

బస్సు పోయింది. ఆ నవ్వు మాత్రం నా ఒంటి మీద అట్లాగే ఉండిపోయింది. పిల్లవాడు తల గోక్కుంటూ ఏడుపు మొదలుపెట్టాడు. రోడ్డు మీద డోళ్ళు కొట్టుకుంటూ, గొంగళ్ళు కప్పుకుని, గొర్రెల వాసనతో మా వాళ్ళు పోతున్నారు. ఒకాయన నన్ను చూసి, "గట్టుకేనా బావా?" అని చేయి ఎత్తాడు. నేను విననట్టు ఉన్నాను. అదే చెట్టుకు అవతలి వైపు ఒక ముసలాయన క్షవరం పెట్టె ముందేసుకుని కూచుని ఉన్నాడు. నేను కొడుకును చెయ్యి పట్టి ఆయన ముందు నిలబెట్టాను.

"మొత్తం తీసెయ్యి."

ముసలాయన జడలు చూశాడు, నన్ను చూశాడు. "గివి పుట్టెంటికలు గాదా సారూ? మొక్కు లేదా?"

"మొక్కూ లేదు, ఏమీ లేదు. పేన్లు పట్టినయ్. తియ్యి."

"తీస్త. గని మామ ఏడి? మామ ఒడిల ఉండాలె గద."

అప్పుడన్నాను ఆ మాట. "వీనికి మేనమామ లేడు. వీని తల్లికి తోడబుట్టినోళ్ళే లేరు."

ఎందుకన్నానో చాలా ఏళ్ళు నాకు నేను రకరకాలుగా చెప్పుకున్నాను. కోపంలో వచ్చిందనీ, మాట పెరగకూడదనీ. నిజం ఏమిటంటే, ఆ క్షణాన అది నిజమైతే బాగుండునని నాకు అనిపించింది. గొంగడి కప్పుకుని పొట్టేలును లాక్కుంటూ వచ్చి నలుగురిలో నన్ను బావా అని పిలిచే మనిషి లేకపోతే బాగుండునని.

ముసలాయన నాలుక చప్పరించాడు. "అయ్యో పాపం. గట్లయితె ఎవలన్న ఒగలు మామ లెక్క కూసోవాలె సారూ. ఉత్త నేల మీద కూసోబెట్టి పుట్టెంటికలకు నేను కత్తి వెట్ట. నాకూ మనుమలున్నరు." అని చాయ్ దుకాణం వైపు తిరిగి కేకేశాడు. "ఓ చాయ్! ఇటురా, నీకు అల్లుడు దొరికిండు."

చాయ్ కాచే కుర్రాడు చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. మీసాలు అప్పుడప్పుడే వస్తున్నాయి. "నాకు పెండ్లే గాలె, అల్లుడెట్లొచ్చిండు?"

"పెండ్లెందుకురా మామవు గానీకి? ముచ్చట బెట్టకు, కూసో."

"కూసుంట గని, రేపు పిల్లనియ్యుమంటె యాడ దేవాలె?" అని నవ్వుతూనే బాసింపట్టు వేసుకుని కూచుని, పిల్లవాణ్ణి ఒడిలోకి తీసుకున్నాడు. చేతిలో ఒక బిస్కెట్టు పెట్టాడు. "నేను మీ మామను. ఏడ్వకు" అన్నాడు. ముసలాయన చూపిస్తే మొదటి కత్తెర అతనే వేశాడు. పని శ్రద్ధగా చేశారు ఇద్దరూ. నీళ్ళు మెత్తగా చల్లారు, పుండ్లు తప్పించి కత్తి తిప్పారు. నా కొడుకు ఏడవలేదు. నేను రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాను.

ఆమె తిరిగి వచ్చేసరికి పిల్లవాడు ఆ కుర్రాడి భుజాల మీద ఎక్కి ఆడుతున్నాడు. ఆమె వాళ్ళ పక్కనుంచే నడిచి వచ్చింది. తన కొడుకును గుర్తుపట్టకుండా దాటి వచ్చింది. నా దగ్గరికి వచ్చి, "పిల్లగాడేడి?" అన్నది.

వాడే వెనక నుంచి "అవ్వా" అని పిలిచాడు. మా వైపు తల్లిని కూడా అవ్వ అంటారు కొన్ని ఇళ్ళలో. ఆమె వెనక్కి తిరిగి చూసింది. అరవలేదు. చెట్టు అవతలికి పోయి, నేల మీద కూచుని, ఆ వెంట్రుకలను దుమ్ములోంచి కొంగులోకి ఏరుకోవడం మొదలుపెట్టింది. ముసలాయన జాలిపడి, "ఫికర్ జెయ్యకమ్మా. నీకు తోడబుట్టినోళ్ళు లేకున్నా, మామ లెక్కనే ఒగన్ని కూసోబెట్టినం. పద్ధతి తప్పలే" అన్నాడు.

ఆమె చేతులు ఆగాయి. నా వైపు చూస్తుందనుకున్నాను. చూడలేదు. చేతులు జోడించి ఆ ముసలాయననూ, చాయ్ కుర్రాణ్ణీ బతిమాలింది. "నాకు అన్న ఉన్నడు. ఇప్పుడొస్తడు. ఆయన ముంగట గీ మాట ఎత్తకున్రి. మీ కాల్మొక్త."

వాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నా మొహం చూడలేదు ఎవరూ.

పొద్దు వాలుతుండగా బావ వచ్చాడు. పొట్టేలు ఆయన భుజాల మీద ఉంది, ముందు కాళ్ళు ఒక పక్క, వెనక కాళ్ళు ఒక పక్క. నిండుగా పెరిగిన పొట్టేలు. దాన్ని దించి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కాసేపు ఊపిరి తీసుకున్నాడు. పాదాలు ఉబ్బి ఉన్నాయి.

"కాలుకు ముల్లిరిగింది బావా దీనికి. కుంటుకుంట దేవుని ముంగటికి పోవద్దు గద. నడిపిస్తె ఇంక పాడైతదని ఎత్తుకొచ్చిన. పరేషాన్ జేసిన మిమ్ముల" అన్నాడు. తర్వాత పిల్లవాణ్ణి చూశాడు. నున్నటి తల. చెల్లెలిని చూశాడు. ఆమె తల వంచుకుని, "తల నిండ పుండ్లు లేసినయన్నా. పిల్లగాడు ఆగలే" అన్నది. నన్ను కాపాడడానికి అనలేదు. ఆయన కోసం అన్నది.

ఆయన పోయి పొట్టేలును చెట్టుకు కట్టాడు. తర్వాత, "పానం కంటె ఎక్కువనా ఎంటికలు? మంచిదే" అని, గొంతుక్కూచుని పిల్లవాడి ముందు చేతులు చాచాడు. "రారా అల్లుడా. నేనెవల్ని?"

వాడు తల్లి చీర కుచ్చిళ్ళ వెనక్కి పోయాడు. "గొర్లాయనవి."

"ఒరె, గొర్లాయనను కాదురా. మామను."

"కాదు. గాయన మా మామ" అని వాడు చాయ్ కుర్రాడి వైపు వేలు చూపించాడు. "గాయన ఒడిల కూసున్న. ఎంటికలు తీసిండు."

కుర్రాడు చేతిలో గ్లాసులు పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు. అతను భయపడ్డాడు. "అన్నా, నాకేం తెల్వదు. సారే చెప్పిండు, అక్కకు ఎవరు లేరని…" అని సగంలో ఆపాడు.

డోళ్ళ చప్పుడు దూరంగా పోతోంది. బావ నా వైపు చూశాడు. నేనేం అన్నానో చెప్పనా? "నువ్వు పొద్దుగాల వచ్చుంటే ఇదంతా ఉండకపోవు" అన్నాను. అంత జరిగాక కూడా.

"అవును బావా. నాదే ఆలిశం" అన్నాడు ఆయన.

అని, చంకలో వేలాడుతున్న సంచిలోంచి గుడ్డలో చుట్టిన కొత్త బట్టలు తీశాడు. చిన్న పచ్చ అంగీ, లాగు, ఒక టోపీ. వాటిని పిల్లవాడికి తొడుగుతాడనుకున్నాను. చాయ్ కుర్రాడి దగ్గరికి పోయి అతని చేతుల్లో పెట్టాడు.

"నీ ఒడిల కూసున్నడు తమ్మీ. బట్టలు నువ్వే పెట్టాలె."

"వద్దన్నా. నా తప్పు గాదు."

"తప్పెవరన్నరు? పద్ధతి జెప్తున్న. పెట్టు, పొద్దు పోతాంది."

అతను పిల్లవాడికి తొడిగాడు. అంగీ గుండీలు తప్పు వేస్తే నా భార్య సరిచేసింది. ఆమె మొహం అప్పుడు చూశాను. ఏడుపు లేదు. ఏదో ఒక గది తలుపు వేసి వచ్చిన మనిషిలా ఉంది.

చివరి బండి ఒకటి ఆపి ఎక్కాం. తెల్లవారేసరికి కట్టంగూరు దాటి చాలా దూరం పోయాం. గట్టు మీద ఆమె కొంగులోని వెంట్రుకలను దేవుడి ముందు పోసి మొక్కింది. బావ పొట్టేలును ఒప్పజెప్పాడు. అన్ని పనులూ తనే చేశాడు. రాళ్ళు పెట్టి పొయ్యి వేశాడు, నీళ్ళు మోశాడు. వంటయ్యాక నాకు గొంగడి పరిచి, మంచి ముక్కలన్నీ ఏరి నా ఆకులో వేశాడు. "బావా, ఇంకొంచెం ఏస్కో. తొవ్వల ఆకలికి అలిసినవ్" అన్నాడు. ఎగతాళి లేదు ఆ మాటలో. ఇంటి అల్లుడికి ఇవ్వవలసిన మర్యాద ఎంతుందో అంతా ఇచ్చాడు. నా ఒక్కడికే. పిల్లవాణ్ణి మాత్రం దగ్గరికి తీసుకోలేదు. తినేటప్పుడు వాడు ఆయన వీపు మీద చెయ్యి వేస్తే, మెల్లగా తీసి తల్లి వైపు పంపాడు. ఇప్పుడు తనకు ఆ హక్కు లేదనుకున్నాడేమో. నేనొక్క మాట అంటే సరిపోయేది. నోట్లో అన్నం ముద్ద ఉంది. దాన్ని నములుతూ ఉన్నాను.

తిరిగి వచ్చాక బడిలో తోటి పంతుళ్ళకు ఈ కథ చెప్పాను. మూఢనమ్మకాలను ఎట్లా తెంచానో చెప్పాను. పిల్లవాడు అంగీ ఎత్తి చూపించడం, చాయ్ కుర్రాడు మామ కావడం చెబితే బాగా నవ్వారు. చాలాసార్లు చెప్పాను. నేను ఆడిన అబద్ధం ఒక్కటీ వదిలేసి మిగిలిందంతా చెప్పేవాణ్ణి.

ఇంట్లో మాత్రం ఏదో మారింది. గొడవ లేదు. వంటలో ఉప్పూ కారం ఎప్పటిలాగే ఉన్నాయి. కానీ ఆ తర్వాత ఆమె ఎక్కడికీ తీసుకుపొమ్మని అడగలేదు. టెంటు సినిమా ఊళ్ళోకి వచ్చినా, సీతాఫలాల కాలం వచ్చినా నా దగ్గర ఎత్తలేదు. సెలవు రోజుల్లో నాకు బోలెడంత విశ్రాంతి దొరికింది. మొదట్లో అది నాకు సుఖంగానే ఉండేది, దాచిపెట్టడమెందుకు. గుమ్మంలో కుర్చీ వేసుకుని పుస్తకం చదివేవాణ్ణి. కొన్నాళ్ళకు ఒక పండుగ పూట, పక్కింట్లో ఆమె పెద్దగా నవ్వడం వినపడింది. పుస్తకం మూసి విన్నాను. ఆ నవ్వు మా ఇంట్లో నేను విని ఎంతకాలమైందా అని లెక్కవేయబోయి మానేశాను.

మధ్యలో ఆడపిల్ల పుట్టింది. మళ్ళీ గట్టు జాతర వచ్చింది.

కబురు తెచ్చిన కాపరితో ఆమె గుమ్మంలో మాట్లాడుతుంటే విన్నాను. సాయంత్రం నేనే అడిగాను, సెలవు పెట్టాలా అని. నిజంగానే పోదామనుకున్నాను. రెండేళ్ళుగా మనసులో ఒక మాట కట్టుకుని ఉన్నాను బావకు చెప్పడానికి.

ఆమె బిడ్డకు పాలిస్తూ, "నువ్వు రాకు" అన్నది.

"ఎందుకు? నేను ఏమనను ఈసారి."

"ఏమనవు, నాకెరుకే. గని నువ్వుంటె మా అన్న నీకు మర్యాద జేసుడుకే సరిపోతది. నిన్ను జూసుకుంట నేనుంట. పిల్లల మొకం ఎవలు జూడాలె?" కోపంగా అనలేదు. బియ్యంలో రాయి ఏరి పక్కన పెట్టినట్టు అన్నది. "మేం పోయొస్తం. ఒక్క బిడ్డ, ఒక్క పూట. నాకిడిసిపెట్టు."

విడిచిపెట్టాను. అంతకుమించి నా దగ్గర ఇవ్వదగ్గది ఏమీ లేదు. బస్సు దాకా మూట మోసుకుపోయాను. అంతకు ముందెప్పుడూ ఆమె ఒంటరిగా బస్సెక్కలేదు. చంకలో బిడ్డ, చేతికి కొడుకు. కిటికీ పక్కన సర్దుకుని కూచుని, పిల్లవాడికి రోడ్డు మీద ఏదో చూపిస్తూ మాట్లాడడం మొదలుపెట్టింది. బస్సు కదలకముందే వాళ్ళ ప్రయాణం మొదలైంది.

ఆ రోజుల్లో ఇంట్లో నేనొక్కణ్ణే. అన్నం వండుకున్నాను, మాడింది. బావకు చెప్పాలనుకున్న మాటను గోడకు చెప్పి చూశాను. ఎన్ని విధాలుగా చెప్పినా అందులో నన్ను నేను సమర్థించుకోవడమే ఎక్కువ కనపడింది.

వాళ్ళు తిరిగి వచ్చిన రోజు బడి వదిలాక ఇంటికి వస్తే, అరుగు మీద పక్కింటివాళ్ళంతా చేరి ఉన్నారు. నా భార్య గుండుతో ఉన్న బిడ్డను ఒళ్ళో పెట్టుకుని, చేతులు తిప్పుతూ జాతర ముచ్చట్లు చెబుతోంది. అందరూ నవ్వుతున్నారు. నన్ను చూసి ఆమె ఆగింది. చెప్పమన్నాను. "ఏమున్నది, అయిపోయింది" అని లోపలికి పోయి నాకు కాళ్ళకు నీళ్ళు పెట్టింది.

కొడుకు మాత్రం నా వెంట దొడ్లోకి వచ్చాడు. వాడికి ఐదో ఏడు. వాడి తల కూడా నున్నగా ఉంది.

"నీకెందుకు తీసిన్రురా?"

"మామ తీసిండు బాపూ. చెల్లెకు తీసినంక నన్ను గూడ ఒడిల కూసోబెట్టుకున్నడు. మొదట వద్దన్నడు. అవ్వ కూసోబెట్టుకొమ్మన్నది. మామ ఏడ్చిండు."

"మామనా?"

"అవ్వ గూడ. మల్ల నవ్విన్రు." వాడు తన గుండు నిమురుకున్నాడు. "మామ మీసాలు గుచ్చుకుంటయి బాపూ. నీకెరుకేనా?"

నాకు తెలియదన్నాను. కాళ్ళ మీద నీళ్ళు పోసుకుంటూ ఇంకా చెప్పమన్నాను. గొంగడి కింద ఎట్లా పడుకున్నారో, పొట్టేలు ఎట్లా తప్పించుకుని ఉరికిందో, మామ దాని వెనక ఎట్లా పడ్డాడో చీకటి పడేదాకా చెప్పాడు. ఆ జాతర గురించి నాకు తెలిసినదంతా వాడు చెప్పిందే.